నాయకుడి పేరు టైప్ చేస్తే కింద దిగే సజెషన్లు: దేశాన్ని బట్టి, కాలాన్ని బట్టి ఎలా మారుతున్నాయో సరిగ్గా పట్టుకునే పద్ధతి

సెర్చ్ బాక్స్‌లో ఒక నాయకుడి పేరు సగం కొట్టగానే కింద వరుసగా సజెషన్లు దిగుతాయి. వాటిని స్క్రీన్‌షాట్ తీసి "జనం ఇదే వెతుకుతున్నారు చూడండి" అని ఒకరు, "గూగుల్ ఈయన సంగతి దాస్తోంది" అని ఇంకొకరు తిప్పడం ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ వరంగల్, కరీంనగర్ వాట్సాప్ గ్రూపుల్లో జరిగేదే. ఆ స్క్రీన్‌షాట్ ఎక్కడ తీశారు, ఏ భాషలో తీశారు, ఏ రోజు తీశారు, ఎవరి లాగిన్‌లో తీశారు అన్నవి మాత్రం అందులో ఉండవు. ఈ నాలుగూ తెలియనప్పుడు ఆ బొమ్మ దేనికీ సాక్ష్యం కాదు. అది ఓటరును తప్పుదోవ పట్టించగలదు, ఒక మనిషి పరువునూ తీయగలదు. అందుకే ఈ పని చేయాలనుకునే విలేకరులు, ప్రాజెక్టు చేసే విద్యార్థులు, ఫ్యాక్ట్‌చెక్ చేసేవాళ్లు పద్ధతి ప్రకారం చేయాలి.

ఈ పనికి ఉత్తర తెలంగాణలో ఒక వెసులుబాటు ఉంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు, హనుమకొండ నుంచి అమెరికాకు మనుషులు వెళ్లని వాడకట్టు అరుదు. దేశదేశాల్లో సజెషన్లు ఎలా ఉన్నాయో చూడడానికి డబ్బు కట్టి వీపీఎన్ (మీరు వేరే దేశంలో ఉన్నట్టు చూపించే సేవ) కొనడం కంటే, దుబాయ్‌లో ఉన్న తమ్ముడికి, డాలస్‌లో ఉన్న అక్కకు ఫోన్ చేయడం చాలా నమ్మకమైన దారి. ఎందుకో కింద వస్తుంది.

సజెషన్ ఎక్కడి నుంచి వస్తుంది

గూగుల్ దీన్ని 2004 డిసెంబర్‌లో ప్రయోగంగా మొదలుపెట్టి, 2008 ఆగస్టులో మామూలు సెర్చ్ పేజీలోకి తెచ్చింది. జనం నిజంగా వెతికిన మాటల్లోంచే ఇవి పుడతాయి. అయితే ఎక్కువమంది వెతికిందే పైన ఉంటుందని లేదు. మీరు ఉన్న చోటు, మీ భాష, ఆ గంటలో ఊపందుకున్న విషయం, మీ పాత సెర్చ్‌లు అన్నీ కలిసి వరుసను నిర్ణయిస్తాయి. ఆపైన వడపోత ఉంటుంది. హింస, అశ్లీలం, ద్వేషం, ఎవరినైనా పేరు పెట్టి కించపరిచే మాటలు ఉంటే గూగుల్ తీసేస్తుంది.

ఎన్నికల విషయంలో వడపోత ఇంకా గట్టిది. ఒక అభ్యర్థికి లేదా పార్టీకి అనుకూలంగానో వ్యతిరేకంగానో అర్థమయ్యే సజెషన్లను, ఓటు ఎలా వేయాలి, పోలింగ్ కేంద్రం తెరిచి ఉందా మూసి ఉందా అని తేల్చి చెప్పినట్టుండే సజెషన్లను చూపబోమని 2020 సెప్టెంబర్‌లో గూగుల్ ప్రకటించింది. "ఫోన్‌లో ఓటు వేయొచ్చు" అన్నా రాదు, "ఫోన్‌లో ఓటు వేయలేం" అన్నా రాదు. నిజమైన మాట కూడా ఈ వడపోతలో పోతుంది. కాబట్టి ఒక నాయకుడి పేరు పక్కన ఫలానా మాట రాలేదంటే, దాన్ని ఎవరూ వెతకడం లేదని కాదు. వచ్చిందంటే అది నిజమనీ కాదు. ఈ రెండు వాక్యాలూ మీ నివేదిక మొదటి పేజీలోనే ఉండాలి.

ముందు బ్రౌజర్ శుభ్రం చేయండి

మీ సొంత ఫోన్‌లో, మీ లాగిన్‌లో కనిపించేది చాలావరకు మీ నీడే. గడియారం గుర్తు పక్కన వచ్చే సజెషన్ మీ పాత సెర్చ్, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. చేయాల్సిన పనులు ఇవి:

1. గూగుల్ అకౌంట్ నుంచి బయటికి రండి. ఇన్‌కాగ్నిటో కిటికీ తెరవండి. ఒక పేరు చూడడం అయ్యాక ఇన్‌కాగ్నిటో కిటికీలన్నీ మూసి, ఇంకో పేరుకు కొత్తది తెరవండి. లేకపోతే ముందు వెతికిన పేరు తర్వాతిదాన్ని ప్రభావితం చేస్తుంది.

2. బ్రౌజర్‌కు లొకేషన్ అనుమతి ఆపేయండి. ఇన్‌కాగ్నిటో మీ హిస్టరీని దాస్తుంది గానీ మీ ఊరిని దాయదు. మీ ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే నంబర్, అంటే ఐపీ అడ్రస్‌ను బట్టి గూగుల్ ఊరును ఊహిస్తూనే ఉంటుంది.

3. ఏదో ఒకటి వెతికి, ఫలితాల పేజీ అట్టడుగుకు వెళ్లి అక్కడ చూపించే ఊరి పేరు రాసుకోండి. మొబైల్ డేటా మీద ఉంటే మీరు హనుమకొండ చౌరస్తాలో నిలబడినా అక్కడ హైదరాబాద్ అని పడొచ్చు. నెట్‌వర్క్ కంపెనీ గేట్‌వే ఎక్కడ ఉంటే ఆ ఊరు చూపిస్తుంది. మీరు "వరంగల్‌లో తీసిన సజెషన్లు" అని రాసేది నిజానికి హైదరాబాద్‌వి కావచ్చు. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లోనూ ఒకసారి చూసుకోండి.

4. సెట్టింగుల్లో భాష, ప్రాంతం రెండూ చూడండి. ఈ రెండూ వేర్వేరు సంగతులు. భాష తెలుగు పెట్టి ప్రాంతం భారత్ పెట్టినప్పుడు ఒక జాబితా వస్తుంది, భాష ఇంగ్లీష్ పెట్టి ప్రాంతం భారత్‌గానే ఉంచితే ఇంకో జాబితా రావచ్చు. పోల్చేటప్పుడు ఒకేసారి రెండూ మార్చకండి. మార్చితే తేడా దేనివల్ల వచ్చిందో తేలదు.

5. అడ్రస్ బార్‌లో కాదు, సెర్చ్ పేజీ మధ్యలో ఉన్న పెట్టెలోనే టైప్ చేయండి. అడ్రస్ బార్ మీ బుక్‌మార్కులను, చూసిన సైట్లను కూడా కలిపేస్తుంది.

ఫోన్‌లో పని చేసేవాళ్లు తరచుగా పొరబడే చోటు ఇంకొకటి ఉంది. కీబోర్డు పైన అడ్డంగా వచ్చే మూడు మాటలు కీబోర్డు ఇచ్చేవి, వాటికి సెర్చ్‌తో సంబంధం లేదు. స్క్రీన్‌షాట్‌లో అవి కూడా పడతాయి కాబట్టి చూసినవాళ్లు వాటినీ గూగుల్ సజెషన్లే అనుకుంటారు. కీబోర్డు సెట్టింగుల్లో ఆ వరుసను ఆపేస్తే గొడవ ఉండదు. అలాగే ఫలితాల మధ్యలో వచ్చే ప్రశ్నల డబ్బా, పేజీ చివర వచ్చే సంబంధిత సెర్చ్‌లు వేరే వ్యవస్థలు. వాటిని సజెషన్ల పట్టికలో కలపొద్దు.

పేరు ఎలా కొడితే ఏమవుతుంది

ఎక్కువమంది తొందరపడి పాడు చేసేది ఇక్కడే. ఒక్క ఖాళీ అక్షరం జాబితాను మార్చేస్తుంది. పేరు కొట్టి ఆగితే సాఫ్ట్‌వేర్ ఆ పేరును పూర్తి చేయడానికి చూస్తుంది. పేరు తర్వాత స్పేస్ కొడితే, పేరు అయిపోయిందనుకుని తర్వాతి మాటను ఊహిస్తుంది. కర్సర్‌ను వెనక్కి తెచ్చి పేరు ముందు పెడితే మళ్లీ వేరే జాబితా. కాబట్టి మీరు కొట్టింది అక్షరం పొల్లుపోకుండా రాసుకోవాలి. స్పేస్ ఉన్న చోట "ఖాళీ" అని రాయండి, లేకపోతే తర్వాత చూసుకునేటప్పుడు అది కంటికి కనపడదు.

మన నాయకుల పేర్లలో చిక్కులు చాలా ఉన్నాయి. ములుగు ఎమ్మెల్యే, మంత్రి సీతక్క అసలు పేరు ధనసరి అనసూయ. అఫిడవిట్‌లో ఉన్న పేరు కొడితే వచ్చే జాబితా చాలా పలచగా ఉంటే ఆశ్చర్యపోవద్దు, జనం వెతికేది సీతక్క అనే. ఆ సీతక్క అన్న పేరునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు "త" దగ్గర హెచ్ పెట్టేవాళ్లున్నారు, పెట్టనివాళ్లున్నారు, "సీ" దగ్గర రెండు ఈలు పెట్టేవాళ్లున్నారు, ఒక ఐ పెట్టేవాళ్లున్నారు. ఒక్కో స్పెల్లింగ్‌కు ఒక్కో జాబితా రావచ్చు.

కవిత అన్న పేరు ఇంకా చిక్కు. 2014 నుంచి 2019 వరకు నిజామాబాద్ ఎంపీ కల్వకుంట్ల కవిత. 2019 నుంచి 2024 వరకు మహబూబాబాద్ ఎంపీ మాలోత్ కవిత. ఇంటిపేరు లేకుండా తెలుగులో కొడితే ఇద్దరూ కలిసిపోతారు, పద్యాలూ కవితలూ వెతికేవాళ్ల సెర్చ్‌లు కూడా వచ్చి పడతాయి. రాజేందర్ అని కొడితే హుజూరాబాద్ నుంచి ఎన్నో ఏళ్లు గెలిచి ఇప్పుడు మల్కాజిగిరి ఎంపీగా ఉన్న ఈటల రాజేందర్, వరంగల్ పశ్చిమ ఎమ్మెల్యే నాయిని రాజేందర్ రెడ్డి ఇద్దరూ అందులోకి వస్తారు. ప్రధాని పేరును తెలుగులో మోదీ అని రాసేవాళ్లూ, మోడీ అని రాసేవాళ్లూ సమానంగా కనిపిస్తారు. పార్టీ పేర్ల సంగతీ ఇంతే. టీఆర్‌ఎస్ 2022 అక్టోబర్ 5న బీఆర్‌ఎస్‌గా మారింది. కాలం మీద పోలిక చేసేటప్పుడు ఆ తేదీకి ముందు ఒక పేరు, తర్వాత ఇంకో పేరు మాత్రమే చూస్తే ఆదరణ హఠాత్తుగా పడిపోయినట్టో లేచినట్టో కనిపిస్తుంది. రెండు పేర్లూ మొదటి నుంచి చివరి దాకా నమోదు చేయాలి. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. నియోజకవర్గం పేరుతోనో జిల్లా పేరుతోనో కలిపి వెతికేటప్పుడు ఇదీ గుర్తుంచుకోవాలి.

ఒక్కో నాయకుడికి మూడు రూపాలు తీసుకుంటే సరిపోతుంది: తెలుగు లిపిలో ఒకటి, ఇంగ్లీషు అక్షరాల్లో పత్రికలు వాడే స్పెల్లింగ్ ఒకటి, జనం పిలిచే పొట్టి పేరు లేదా కేసీఆర్, కేటీఆర్ లాంటి అక్షరాల పేరు ఒకటి. ఒక్కో రూపాన్ని స్పేస్ లేకుండా ఒకసారి, స్పేస్‌తో ఒకసారి కొట్టండి. ఐదుగురు నాయకులైతే 5 × 3 × 2, అంటే 30 సెర్చ్‌లు. ఒక్కోటి మూడుసార్లు చేస్తే 90 అవుతాయి. ఒక్కోదానికి 25 సెకన్లు వేసుకున్నా దాదాపు 38 నిమిషాల పని. పేరు తర్వాత ఇంగ్లీషు అక్షరాలు 26 ఒక్కొక్కటిగా కొట్టి చూడడం లోతైన పద్ధతే గానీ, 15 రూపాలకూ చేస్తే 390 సెర్చ్‌లు అవుతాయి. అంత వేగంగా అడిగితే గూగుల్ మిమ్మల్ని రోబో అనుకుని పరీక్ష పెడుతుంది. దాన్ని నెలకోసారి, ఒక్క పేరుకు మాత్రమే చేయండి.

మూడుసార్లు ఎందుకంటే, అదే చోట అదే నిమిషంలో చూసినా జాబితా అప్పుడప్పుడు ఒకటి రెండు మాటలు మారుతుంది. మీ దగ్గరే మారే ఈ మామూలు ఊగిసలాట ఎంతో తెలియకుండా దుబాయ్‌తో పోల్చడానికి వీల్లేదు.

దేశాల మధ్య పోలిక

గూగుల్ చిరునామా చివర దేశం అక్షరాలు మార్చితే ఆ దేశం జాబితా వస్తుందని ఇప్పటికీ చాలామంది నమ్ముతున్నారు. 2017 అక్టోబర్ నుంచి అది పనిచేయడం లేదు. మీరు ఏ దేశపు చిరునామా తెరిచినా, మీరు నిజంగా ఉన్న చోటు ప్రకారమే సేవ వస్తుంది. 2025లో ఆ దేశాల చిరునామాలన్నింటినీ ప్రధాన చిరునామాకే మళ్లిస్తున్నట్టు కూడా గూగుల్ ప్రకటించింది.

వీపీఎన్‌తో చేయొచ్చు, కానీ నాలుగు ఇబ్బందులున్నాయి. ఒక వీపీఎన్ ఐపీని వందలమంది వాడతారు కాబట్టి గూగుల్ తరచుగా రోబో పరీక్ష పెడుతుంది. వీపీఎన్ "జర్మనీ" అని చెప్పినా గూగుల్ దాన్ని వేరే దేశంగా లెక్కేసి ఉండొచ్చు, పేజీ అడుగున చూడకుండా నమ్మకండి. మూడోది మనకు సంబంధించింది: వినియోగదారుల వివరాలు ఐదేళ్లు దాచాలని 2022లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశం ఇచ్చాక పెద్ద వీపీఎన్ కంపెనీలు కొన్ని భారత్‌లోని సర్వర్లను తీసేశాయి. వాటి "ఇండియా" సర్వర్ ఇప్పుడు సింగపూర్‌లోనో బ్రిటన్‌లోనో కూర్చుని ఉండొచ్చు. నాలుగోది, వీపీఎన్ వాడకం మీద యూఏఈ చట్టాలు కఠినంగా ఉంటాయి. అక్కడున్న మనవాళ్లను ఈ పని కోసం వీపీఎన్ పెట్టమని ఎప్పుడూ అడగొద్దు. వాళ్లు ఉన్న చోట ఉన్నట్టుగా చూసి పంపితే మనకు కావలసిందే వస్తుంది.

కాబట్టి మనుషులే మేలు. ఒక్కో దేశంలో కనీసం ఇద్దరు ఉండాలి, వీలైతే వేర్వేరు నెట్‌వర్కుల్లో. అందరూ ఒకే సమయంలో చూడాలి. మన రాత్రి 8:30కి దుబాయ్‌లో రాత్రి 7:00, దోహా, కువైట్‌లలో సాయంత్రం 6:00. డాలస్‌లో ఎండాకాలం ఉదయం 10:00, చలికాలం ఉదయం 9:00. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం గడియారం మారుతుంది. ఆ వారాల్లో మళ్లీ గుర్తు చేయకపోతే ఒక గంట తేడా వస్తుంది, ఫలితాల రోజున ఒక గంట చాలా పెద్ద తేడా.

వాళ్లకు వాట్సాప్‌లో పంపాల్సిన సూచన చిన్నగా ఉండాలి: "అన్నా, గూగుల్ లాగౌట్ చేసి ఇన్‌కాగ్నిటో తెరువు. సెర్చ్ పెట్టెలో నేను పంపిన పేరును కాపీ చేసి పేస్ట్ చెయ్యకు, చేత్తో కొట్టు. ఎంటర్ నొక్కకు. జాబితా మొత్తం పడేలా స్క్రీన్‌షాట్ తియ్యి. తర్వాత ఏదైనా వెతికి పేజీ అడుగున ఊరి పేరు కనిపించేలా ఇంకోటి తియ్యి. రెండూ డాక్యుమెంట్‌గా పంపు." డాక్యుమెంట్‌గా ఎందుకంటే ఫొటోగా పంపితే వాట్సాప్ నాణ్యత తగ్గిస్తుంది, చిన్న తెలుగు అక్షరాలు చదవలేకుండా పోతాయి. చేత్తో కొట్టమనడం ఎందుకంటే పేస్ట్ చేసినప్పుడు చివర కనపడని ఖాళీ ఒకటి వచ్చి చేరొచ్చు.

ఇంగ్లీషు భాషలో, గల్ఫ్‌లోనైతే అరబ్బీ భాషలో వాళ్ల ఫోన్ ఉండొచ్చు. ముందు వాళ్ల ఫోన్ ఉన్న భాషలో తీయించి, తర్వాత భాషను తెలుగుకు మార్చి ఇంకోసారి తీయించండి. రెండు జాబితాల మధ్య తేడా భాషది. రెండో జాబితాకూ మీ తెలుగు జాబితాకూ మధ్య తేడా చోటుది.

తేడా వచ్చినప్పుడు కారణాలు వెతికే వరుస ఇలా ఉండాలి. మొదట, ఆ దేశంలో ఆ పేరు వెతికేవాళ్లు ఎవరు? కువైట్‌లో మన నాయకుడి పేరు వెతికేది దాదాపు మనవాళ్లే, కాబట్టి వాళ్ల అవసరాలే కనిపిస్తాయి. రెండోది, సరిపడా సెర్చ్‌లు ఉన్నాయా? లేకపోతే పేరు మాత్రమే పూర్తయి, తర్వాత మాటలు రావు. మూడోది, ఆ దేశపు చట్టం. జర్మనీ అత్యున్నత సివిల్ కోర్టు 2013 మే 14న ఒక కేసులో, ఒకరి పరువుకు భంగం కలిగించే సజెషన్ ఉందని తెలిపాక కూడా తీయకపోతే గూగుల్‌దే బాధ్యత అని తీర్పు ఇచ్చింది. మాజీ అధ్యక్షుడు క్రిస్టియన్ వుల్ఫ్ భార్య బెట్టీనా వుల్ఫ్ కూడా తన పేరు పక్కన వస్తున్న మాటల మీద 2012లో గూగుల్‌ను కోర్టుకు లాగారు. జర్మనీలో ఒక మాట రాకపోవడానికి ఇలాంటి నేపథ్యం ఉండొచ్చు. నాలుగోది, కంపెనీ సొంత నిర్ణయం. దక్షిణ కొరియాలో నేవర్ అనే సెర్చ్ ఇంజిన్ 2020 ఏప్రిల్ ఎన్నికలప్పుడు అభ్యర్థుల పేర్లకు సజెషన్లే ఆపేసింది. చైనా అధికారుల కోరిక మీద మైక్రోసాఫ్ట్ సెర్చ్ ఇంజిన్ బింగ్ 2021 డిసెంబర్‌లో ఆ దేశంలో సజెషన్లను 30 రోజులు నిలిపేసింది. ఒక దేశం కోసం పెట్టిన అడ్డు సరిహద్దు దాటి పాకొచ్చు కూడా. చైనాలో సున్నితమని భావించే నాయకుల పేర్లకు బింగ్ సజెషన్లు అమెరికా, కెనడాల్లో సైతం రావడం లేదని టొరంటోలోని సిటిజన్ ల్యాబ్ పరిశోధకులు 2022 మేలో చూపించారు. వాళ్లు ఒక స్క్రీన్‌షాట్ పట్టుకుని ఆ మాట అనలేదు, పెద్ద సంఖ్యలో పేర్లను పరీక్షించి చెప్పారు.

బింగ్, డక్‌డక్‌గో కూడా చూడండి. డక్‌డక్‌గోలో ప్రాంతం మార్చే మీట ఫలితాల పేజీలోనే ఉంటుంది. మూడు ఇంజిన్లలోనూ ఒక మాట లేకపోతే అది ఒక్క కంపెనీ నిర్ణయమన్న వాదన బలహీనపడుతుంది.

కొంచెం కోడింగ్ వచ్చినవాళ్లకు, సజెషన్లను నేరుగా జాబితాగా ఇచ్చే చిరునామా గూగుల్‌కు ఉందని తెలిసే ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రౌజర్లు వాడేది అలాంటిదే. అందులో హెచ్‌ఎల్ అన్న చోట భాషను, జీఎల్ అన్న చోట దేశాన్ని ఇవ్వొచ్చు. రోజూ నమోదు చేయడానికి ఇది పనికొస్తుంది. కానీ ఇది ప్రజల కోసం ప్రకటించిన సేవ కాదు, ఎక్కువ అడిగితే ఆగిపోతుంది. తెర మీద మనిషికి కనిపించేదానికీ ఇందులో వచ్చేదానికీ తేడా ఉండొచ్చు. దీన్ని తోడుగానే వాడండి, సాక్ష్యంగా స్క్రీన్‌షాట్లే ఉండాలి.

కాలం మీద పోలిక

నిన్నటి సజెషన్లు ఇవాళ తీసుకోలేం. గూగుల్ వాటి పాత జాబితాలను ప్రజలకు ఇవ్వదు. వెబ్ పేజీలను భద్రపరిచే ఆర్కైవ్ సైట్లలో కూడా పేజీ ఉంటుంది గానీ టైప్ చేసేటప్పుడు దిగే జాబితా ఉండదు. కాబట్టి ఎన్నికల మీద పని చేయాలనుకుంటే నోటిఫికేషన్ కంటే కనీసం నెల ముందే మొదలుపెట్టాలి. ఆ ప్రశాంతమైన నెల లేకపోతే ఎన్నికల వేడిలో వచ్చిన మార్పును దేనితో పోలుస్తారు?

మామూలు రోజుల్లో వారానికి రెండు రోజులు చాలు. 2023 అసెంబ్లీ ఎన్నికలనే తీసుకుంటే నవంబర్ 30 పోలింగ్, డిసెంబర్ 3 లెక్కింపు, డిసెంబర్ 7 ముఖ్యమంత్రిగా రేవంత్ రెడ్డి ప్రమాణం. ఇలాంటి తేదీలకు మూడు రోజులు అటు, మూడు రోజులు ఇటు రోజూ తీయాలి. లెక్కింపు రోజున ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు రెండు గంటలకోసారి. పోలింగ్‌కు ముందు అఫిడవిట్, ఆస్తులు, మేనిఫెస్టో వంటి మాటలు, లెక్కింపు రోజు మెజారిటీ, ఓట్లు వంటివి, ప్రమాణం తర్వాత శాఖ, ఫోన్ నంబర్ వంటివి పైకి వస్తున్నాయా అని గమనించండి. కులం, భార్య, వయసు వంటి మాటలు ఎన్నికలతో పని లేకుండా ఏడాది పొడవునా ఉంటున్నాయా అన్నది విడిగా ఒక గడిలో రాయండి.

గతం కావాలంటే గూగుల్ ట్రెండ్స్ ఉంది. అది సజెషన్లను చూపదు, ఆసక్తి ఎలా మారిందో చూపుతుంది. 2004 నుంచి లెక్కలున్నాయి. ప్రాంతంగా భారత్ ఎంచుకుని అందులో తెలంగాణను ఎంచుకోవచ్చు. ఒకేసారి ఐదు పేర్ల దాకా పోల్చొచ్చు. అందులో వచ్చే 0 నుంచి 100 అంకెలు సెర్చ్‌ల సంఖ్య కావు. మీరు ఎంచుకున్న కాలంలో, ప్రాంతంలో అత్యధిక స్థాయిని 100గా పెట్టి మిగతావి దాంతో పోల్చి చూపుతుంది. 0 అంటే ఎవరూ వెతకలేదని కాదు, లెక్కకు సరిపడా లేవని. వేగంగా పెరుగుతున్న సెర్చ్‌లను చూపే రైజింగ్ జాబితాలో ఒక మాట పక్కన బ్రేకౌట్ అని ఉంటే 5000 శాతం దాటి పెరిగిందని. సున్నాకు దగ్గర నుంచి లేచిన చిన్న మాటకు కూడా ఆ ముద్ర పడుతుంది కాబట్టి దాన్ని చూసి హడావిడి పడొద్దు.

పేరు కొట్టినప్పుడు "సెర్చ్ టర్మ్", "టాపిక్" అని రెండు రకాలు చూపుతుంది. టాపిక్ ఎంచుకుంటే వేర్వేరు స్పెల్లింగులు, భాషలు ఒకే చోట కలుస్తాయి. నాయకుల పేర్లకు ఎప్పుడూ టాపిక్కే తీసుకోండి, అది ఉంటే. 2011, 2016, 2022 జనవరి 1 తేదీల దగ్గర గ్రాఫ్ మీద చిన్న గమనిక ఉంటుంది. ఆ తేదీల్లో గూగుల్ లెక్కించే పద్ధతి మారింది. సరిగ్గా అక్కడే గీత ఎగిరితే అది రాజకీయ మార్పు కాకపోవచ్చు. ట్రెండ్స్ మొత్తం సెర్చ్‌లలోంచి నమూనా తీసుకుంటుంది కాబట్టి చిన్న నాయకుల విషయంలో ఈరోజు దించిన గ్రాఫ్‌కూ రేపు దించిన దానికీ తేడా ఉంటుంది. మూడు వేర్వేరు రోజుల్లో దించి సగటు తీయండి.

చేయి తిరగడానికి పీవీ నరసింహారావు పేరుతో మొదలుపెట్టండి. నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టి, 1977లో, 1980లో హనుమకొండ నుంచి లోక్‌సభకు గెలిచిన మనిషి. ఇప్పుడు ఎన్నికల బరిలో లేరు కాబట్టి వేడి తక్కువ, తేదీలు స్పష్టం. జూన్ 28 పుట్టినరోజు, డిసెంబర్ 23 వర్ధంతి, 2024 ఫిబ్రవరి 9న భారతరత్న ప్రకటన. ఈ మూడు చోట్ల గీత ఎలా కదిలిందో తెలంగాణకూ, దేశం మొత్తానికీ విడివిడిగా దించి చూస్తే ట్రెండ్స్ భాష చేతికి వస్తుంది.

పట్టిక, లెక్క

ఎక్సెల్‌లో ఒక్కో సజెషన్‌కు ఒక్కో వరుస ఇవ్వండి, జాబితా మొత్తాన్ని ఒకే గడిలో కుక్కొద్దు. గడులు ఇవి: తేదీ, భారత కాలమానంలో సమయం, దేశం, పేజీ అడుగున చూపిన ఊరు, భాష, ఫోనా కంప్యూటరా, ఇంజిన్, కొట్టిన అక్షరాలు, ఎన్నోసారి, వరుసలో స్థానం, సజెషన్, స్క్రీన్‌షాట్ ఫైల్ పేరు. ఫోన్‌నూ కంప్యూటర్‌నూ పోల్చొద్దు, జాబితా పొడవే తేడా ఉంటుంది.

రెండు జాబితాలు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పడానికి, రెండింటిలోనూ ఉన్న మాటల సంఖ్యను, రెండూ కలిపితే వచ్చే వేర్వేరు మాటల సంఖ్యతో భాగించండి. హనుమకొండలో 10, దుబాయ్‌లో 10 వచ్చి, 6 ఉమ్మడిగా ఉన్నాయనుకుందాం. వేర్వేరు మాటలు మొత్తం 14. 6ను 14తో భాగిస్తే 0.43. ఇప్పుడు హనుమకొండలో మీరే మొదటిసారి, రెండోసారి తీసినవాటిని పోల్చండి. 9 ఉమ్మడిగా ఉంటే 9ని 11తో భాగించాలి, 0.82. ఈ 0.82 మీ మామూలు ఊగిసలాట. దుబాయ్ 0.43 దాని కంటే చాలా తక్కువ కాబట్టి తేడా ఉందని రాయొచ్చు. మీ ఊరిలోనే 0.50 వస్తుంటే దుబాయ్ 0.43 వార్త కాదు.

ఒక మాట రాలేదని అరిచే ముందు

2024 జూలైలో ట్రంప్ మీద జరిగిన హత్యాయత్నం గూగుల్ సజెషన్లలో రావడం లేదని అమెరికాలో పెద్ద దుమారం రేగింది. రాజకీయ హింసకు సంబంధించిన సజెషన్లు రాకుండా ముందే పెట్టిన వడపోత వల్ల అలా జరిగిందని, దాన్ని సరిచేస్తున్నామని గూగుల్ చెప్పింది. 2016 జూన్‌లో హిల్లరీ క్లింటన్ పేరు మీద ఇలాంటి ఆరోపణే ఒక వీడియోతో వ్యాపించింది. అప్పుడు గూగుల్, ఎవరి పేరు పక్కనైనా కించపరిచే మాటలు చూపించడం లేదని సమాధానమిచ్చింది. ఆ సమాధానం నిజమో కాదో పరీక్షించే దారి ఒకటే. అదే మాటను వేర్వేరు పార్టీల నాయకులు పదిమంది పేర్ల పక్కన కొట్టి చూడాలి. కేసు, అరెస్టు లాంటి మాట పదిమందికీ రాకపోతే అది అందరికీ వర్తించే వడపోత. ముగ్గురికి వచ్చి ఏడుగురికి రాకపోతే, ఆ ముగ్గురి విషయంలో ట్రెండ్స్‌లో ఆ మాట ఎంత ఉందో చూడాలి. అప్పటికీ లెక్క కుదరకపోతేనే ప్రశ్న అడగండి, కంపెనీకి మీ పట్టికతో సహా రాయండి.

ఇంకో జాగ్రత్త. మీరు రుజువు కోసం తీసిన స్క్రీన్‌షాట్‌లో ఒకరి మీద నిరాధారమైన నింద ఉండొచ్చు. దాన్ని అలాగే ప్రచురిస్తే నింద మీ చేతుల మీదుగా ఊరంతా తిరుగుతుంది. ఆ మాటను మసక చేసి, "వ్యక్తిగత ఆరోపణ" అని వర్గం మాత్రమే రాయండి. అసలు ఫైలు మీ దగ్గర భద్రంగా ఉంచుకోండి.

హాని చేసే సజెషన్ కనిపిస్తే కంప్యూటర్‌లో జాబితా కింద ఫిర్యాదు లింకు ఉంటుంది, ఫోన్ యాప్‌లో ఆ సజెషన్ మీద వేలు నొక్కి పట్టాలి. తన పేరు మీదే వస్తుంటే ఆ వ్యక్తి కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం 24 గంటల్లో అందినట్టు తెలపాలి. మామూలు ఫిర్యాదుల పరిష్కారానికి మొదట 15 రోజుల గడువు ఉండేది, 2026 ఫిబ్రవరిలో దాన్ని 7 రోజులకు తగ్గించారు. ఫిర్యాదులో కొట్టిన అక్షరాలు, భాష, ఊరు, సమయం రాసి స్క్రీన్‌షాట్ జత చేయండి, పైన చెప్పిన పట్టికలోని వరుస అలాగే పెడితే సరిపోతుంది. తీసేశామని జవాబు వచ్చాక తెలుగు లిపిలో, ఇంగ్లీషు అక్షరాల్లో, స్పేస్‌తో, స్పేస్ లేకుండా మళ్లీ చూడండి. ఒక స్పెల్లింగ్‌కు పోయి ఇంకోదానికి మిగిలిపోవచ్చు. దుబాయ్, డాలస్ నుంచి కూడా అదే రోజు చూయించండి. చట్టపరమైన కారణంతో తీసింది ఆ ఒక్క దేశానికే పరిమితం కావొచ్చు, అప్పుడు మిగతా దేశాలకు విడిగా ఫిర్యాదు చేయాల్సి ఉంటుంది.